విడిపోతున్న దంపతులకు ఒకే జవాబు: బిడ్డల కౌన్సెలింగ్‌లో నమ్మకం ఎలా కుదురుతుంది?

నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ కౌన్సెలింగ్ అంటే ఏమిటని ఎవరినైనా అడిగితే రెండు జవాబులు వస్తాయి. ఇంజినీరింగ్ సీట్ల కేటాయింపు అన్నది మొదటిది. పోలీస్ స్టేషన్‌లో మొగుడూపెళ్ళాలను ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఇద్దరికీ నాలుగు చీవాట్లు పెట్టి, ఇకమీదట సఖ్యంగా ఉంటామని కాగితం మీద సంతకాలు చేయించి పంపడం అన్నది రెండోది. విడిపోతున్న దంపతుల బిడ్డకు కౌన్సెలింగ్ అవసరమని బడివాళ్ళో డాక్టరో చెప్పినప్పుడు తల్లిదండ్రుల మనసులో మెదిలేది ఈ రెండో అర్థమే. కాపురం నిలబెట్టడానికి ఇంకొక పెద్దమనిషిని దించుతున్నారని ఒకరికి తోస్తుంది. తన మీద సాక్ష్యం పోగుచేయడానికి అవతలివాళ్ళు కుదుర్చుకున్న మనిషని ఇంకొకరికి తోస్తుంది. బిడ్డ ఇంకా గుమ్మం తొక్కకముందే కౌన్సెలర్ మీద ఇద్దరికీ చెరొక అనుమానం సిద్ధంగా ఉంటుంది.

ఈ అయోమయానికి చట్టంలోనూ కొంత చోటుంది. 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం 9వ సెక్షన్ ప్రకారం రాజీకి ప్రయత్నించడం కోర్టు విధి. 6వ సెక్షన్ కింద నియమితులయ్యే కౌన్సెలర్లు అందులో కోర్టుకు తోడ్పడతారు. వాళ్ళ పని ప్రధానంగా దంపతులతో. రాత్రిళ్ళు నిద్ర పట్టక, బడికి పోనని మొండికేసి, ఏడేళ్ళు దాటాక మళ్ళీ పక్క తడుపుతున్న బిడ్డ కోసం కూర్చునే కౌన్సెలర్ పని పూర్తిగా వేరు. ఆ కాపురం నిలబడుతుందా లేదా అన్నది ఆమె లెక్కలోకి రాకూడదు. ఈ తేడాను విడమరిచి చెప్పకుండా మొదలుపెట్టిన కౌన్సెలింగ్ మూడో వారం దాటడం పిల్లల కౌన్సెలర్‌గా నేను చాలా అరుదుగా చూశాను.

నేను చూసినంతవరకు తల్లిదండ్రుల నమ్మకం తియ్యటి మాటలతో కుదరలేదు. నేను ఏయే పనులు చేయనో మొదటిరోజే, ఇద్దరికీ, అవే మాటల్లో చెప్పినప్పుడే కుదిరింది. ముందుగా ఫోన్ చేసినవారి కథ ముందుగా మన చెవిన పడుతుంది; వింటున్నకొద్దీ అది నిజమే అనిపిస్తుంది కూడా. కాబట్టి బిడ్డను చూడకముందే రెండోవారికి నేనే ఫోన్ చేస్తాను. అవతలి నుంచి మొదట వచ్చే ప్రశ్న, ‘మీదే ఊరు మేడం?’ అన్నది. దాని వెనక మా కులమేది, మా బంధువులెవరు, ఎదుటి వకీలుతో నాకు పరిచయముందా అన్న ప్రశ్నలు వరసగా నిలబడి ఉంటాయి. మా ఊళ్ళలో ఇది అడగకూడని ప్రశ్నేమీ కాదు. ఉన్నదున్నట్టు జవాబు చెప్పడమే మేలు, ఎందుకంటే దాచింది రేపు పెళ్ళిలోనో కర్మంతరంలోనో ఎలాగూ బయటపడుతుంది.

ఇక కాగితం సంగతి. ‘పాప వాళ్ళ నాన్న దగ్గరికి పోవాలంటే భయపడుతోందని ఒక కాగితం రాసివ్వండి మేడం, లాయరు గారు తెమ్మన్నారు’ అన్న మాట దాదాపు ప్రతి కేసులోనూ వస్తుంది. తండ్రి వైపు నుంచి వచ్చేటప్పుడు, తల్లి బిడ్డ మనసు విరిచేస్తోందని రాయమంటారు. తల్లిదండ్రులలో ఒకరు బిడ్డను రెండోవారికి దూరం చేయడాన్ని సుప్రీంకోర్టు 2017లో ఒక తీర్పులో వివరంగా చర్చించిన తరువాత ఆ మాట వకీళ్ళ నోట తరచుగా వినబడుతోంది. అలాంటి ప్రవర్తన ఉండదని నేను అనను. అయితే బిడ్డకు ఊరట కలిగించడానికి కూర్చున్న మనిషే, ఆ బిడ్డ ఎవరి దగ్గర ఉండాలో తేల్చే అభిప్రాయం కూడా రాస్తే, ఆ గదిలో బిడ్డ అన్న ప్రతి మాటా వాంగ్మూలమైపోతుంది. కోర్టుకు నిపుణుల సలహా కావాలంటే కుటుంబ న్యాయస్థానాల చట్టంలోని 12వ సెక్షన్ దారి చూపుతోంది. ఆ పనికి కోర్టు వేరేవారిని పిలుచుకోవచ్చు. నేను రాయను అని ఒకరికి చెప్పి, రెండోవారి ఒత్తిడికి లొంగి రెండు వాక్యాలు రాసిచ్చినా, అంతటితో ఆ బిడ్డ కౌన్సెలింగ్ ముగిసినట్టే.

ఒక బాబు గురించి చెప్తాను. వివరాలు మార్చాను, ఎందుకంటే కావలి లాంటి ఊళ్ళో రెండు ఆనవాళ్ళు దొరికితే చాలు, పక్క వీధిలో మనిషిని గుర్తుపట్టేస్తారు. తల్లి నెల్లూరులో, తండ్రి ఒంగోలులో. నెలలో రెండో శనివారం తండ్రి వచ్చి, సాయంత్రం పినాకిని రైల్లో వాణ్ణి తీసుకుపోతాడు. అక్కడ ఏమీ తినడని, బక్కచిక్కి వస్తున్నాడని తల్లి బాధ. అక్కడ సుబ్బరంగా తింటాడని, ఇక్కడికి రాగానే నోరు కట్టేసుకుంటాడని తండ్రి ఫిర్యాదు. నాలుగో వారం ఆ బాబు రంగు పెన్సిలు చెక్కుతూ, తల ఎత్తకుండా, ‘జేజి చేసిన చేపల పులుసు బాగుంటుంది, అమ్మకు చెప్పొద్దు’ అన్నాడు. జేజి అంటే వాళ్ళ నాన్నమ్మ. బాగా తిన్నానని చెబితే అమ్మ ముఖం ఎలా మారుతుందో వాడికి తెలుసు. ఇంటికి వచ్చి ‘ఆకలేస్తోంది’ అంటే ఆ ముఖం ఎలా వెలుగుతుందో కూడా తెలుసు. ఎనిమిదేళ్ళవాడు ఇద్దరినీ కాపాడుకోవడానికి తన ఆకలి గురించి రెండు ఊళ్ళలో రెండు రకాలుగా చెబుతున్నాడు. తల్లి చెప్పిందీ తండ్రి చెప్పిందీ ఎవరికివారికి నిజమే.

ఆ మాటను నేను ఎవరికీ చేరవేయలేదు. చేరవేసి ఉంటే తండ్రి దాన్ని గెలుపుగా, తల్లి ఓటమిగా తీసుకునేవారు. వాడు చెప్పినదాన్ని పక్కన పెట్టి, ఇద్దరితోనూ విడివిడిగా ఒకటే అన్నాను: వచ్చీ రాగానే అక్కడేం తిన్నావని, ఎవరెవరున్నారని అడగడం మానండి, వాడే చెబితే వినండి. తల్లికి చెప్పింది తండ్రికీ చెప్పానని ఇద్దరికీ తెలిపాను.

బిడ్డ ఎవరి దగ్గర ఉండాలనుకుంటున్నాడో నేను అడగనని చెప్పడం కూడా అంతే ముఖ్యం. 1890 నాటి సంరక్షకుల చట్టం 17వ సెక్షన్ ప్రకారం, తగిన తెలివి వచ్చిన బిడ్డ ఇష్టాన్ని కోర్టు పరిగణనలోకి తీసుకోవచ్చు. జడ్జి గారు ఏదో ఒకరోజు పిల్చి అడుగుతారని తెలిసిన ఇళ్ళలో బిడ్డ చేత అప్పచెప్పించే పాఠం ముందే మొదలవుతుంది. ఐదేళ్ళు నిండితే బిడ్డ తండ్రిదేనన్న నమ్మకం ఒకటి మా వైపు గట్టిగా ఉంది. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం చెప్పింది, ఐదేళ్ళలోపు బిడ్డ సాధారణంగా తల్లి దగ్గర ఉండాలని మాత్రమే. ఆ తరువాత తండ్రికి అప్పగించాలని అందులో లేదు. 13వ సెక్షన్ బిడ్డ క్షేమాన్నే అన్నిటికన్నా పైన పెట్టింది. ఈ సంగతి తెలిస్తే ఐదో పుట్టినరోజు దగ్గరపడే కొద్దీ పెరిగే ఆదుర్దా కొంత తగ్గుతుంది.

రహస్యం విషయంలో మాత్రం అతిగా మాట ఇవ్వకూడదు. బిడ్డ మీద లైంగిక దాడి జరిగిందని తెలిసినా, జరగవచ్చన్న భయం ఉన్నా, 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే అది నేరం. నా నోటు పుస్తకాన్ని కోర్టు తెప్పించుకోవచ్చన్నదీ మొదటిరోజే చెప్పాలి. ఫీజు ఎవరు కడుతున్నారన్నది చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ కాదు. వీలైతే చెరిసగం, కాకపోతే కట్టేవారెవరో రెండోవారికి తెలిసేలా.

ఇద్దరికీ ఒకే జవాబు అన్న ఈ పద్ధతికి ఒక హద్దుంది. కొట్టే ఇంట్లో ఇద్దరినీ సమానంగా చూడటమంటే కొట్టినవాడికి మేలు చేయడమే. గృహహింస నుంచి రక్షణ కోసం 2005లో వచ్చిన చట్టం, అలాంటివాడు బిడ్డను కలుసుకోవడం వల్ల హాని ఉందనిపిస్తే దాన్ని నిరాకరించే అధికారాన్ని మెజిస్ట్రేటుకు ఇచ్చింది. అలాంటి చోట దంపతులను ఒకే గదిలో కూర్చోబెట్టను, వాళ్ళు వచ్చే వేళలు కూడా కలవనివ్వను. సర్దుకుపొమ్మని చెప్పే పెద్దమనుషులు ఊరికి పదిమంది ఉన్నారు; పదకొండో మనిషిగా నేను అక్కర్లేదు.

ఆ బాబు తల్లి మొదటి రెండు నెలల్లో నాలుగైదుసార్లు కాగితం అడిగింది. మీరు వాళ్ళ వైపేనని ఒకసారి కోపంగా అంది కూడా. తండ్రి అదే మాట అంతకు వారం ముందే అన్నాడు. మొన్న ఆమె ఫోన్ చేసినప్పుడు కాగితం ఊసెత్తలేదు. ‘ఈసారి శనివారం వద్దు మేడం, శుక్రవారం సాయంత్రానికి మార్చగలరా? శనివారం వాడు వాళ్ళ నాన్న దగ్గరికి పోవాలి కదా’ అంది.