సాంబారు దాటిన సేనలు

మా వీధిలో ఒక సేనాధిపతి గారున్నారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఖజానా బిల్లులు చూశారు. రిటైరయ్యాక సైన్యాలను చూసుకుంటున్నారు. రోజూ పార్కులో ఇంగ్లండును ఒకసారి జయిస్తే గానీ ఆయనకు కాఫీ సహించదు. "1940లో హిట్లర్ ఆ కాస్త నీళ్ళూ దాటి ఉంటేనా మాస్టారూ..." అని ఎత్తుకుంటారు. నేను మాస్టారినీ కాను, హిట్లర్‌ను దాటనివ్వకుండా ఆపినవాడినీ కాను. అయినా సంజాయిషీ నేనే చెప్పుకోవాలి.

మొన్న ఒక పెళ్ళిలో టిఫిన్ల బంతిలో పక్క కుర్చీలోనే దొరికారు. అరిటాకు మీద యుద్ధరంగం క్షణంలో సిద్ధమైంది. ఇడ్లీ ఫ్రాన్సు. గారె ఇంగ్లండు. నడుమ సాంబారు ఇంగ్లిష్ చానల్. "ఎంతండీ, ఇరుకైన చోట 33 కిలోమీటర్లు!" అంటూ మూడు కరివేపాకు రెబ్బలు ఏరి ఇడ్లీ ఒడ్డున మోహరించి, చిటికెన వేలితో తోశారు. రెబ్బలు వెళ్ళి గారెను తాకాయి. "చూశారా?" అన్నారు. చూశాను. గారె చిల్లులోకి సాంబారు ఊరి లండన్ మునగడం కూడా చూశాను. "మరి బ్రిటిష్ నౌకాదళం ఏదండీ?" అన్నాను. ఆయన ఆకంతా కలియజూసి, ఉప్మాలోంచి ఒక జీడిపప్పు పైకి తీసి, "ఇదుగో" అని నోట్లో వేసుకున్నారు. అంత పెద్ద నౌకాదళం అంత రుచిగా నశించిన సందర్భం చరిత్రలో మరొకటి లేదు.

ఇప్పుడు ఆకు పక్కనపెట్టి సముద్రం సంగతి చూద్దాం. 1940 జులై 16న హిట్లర్ 16వ నంబరు ఆదేశం జారీ చేశాడు. పథకం పేరు 'సముద్ర సింహం'. సింహం సంగతి సరే, సముద్రమే ఆ సైన్యానికి కొత్త. దళాలను దించే ఓడలు లేవు గనుక రైన్ నదిలోనూ, హాలండ్, బెల్జియం కాలువల్లోనూ సరుకు మోసే పంట్లను దాదాపు 2,400 పోగుచేశారు. ముందు భాగం కోసి తలుపు అమర్చారు, అడుగున కాంక్రీటు పోశారు. సొంత ఇంజిన్ ఉన్నవి మూడింట ఒక వంతు. మిగతా వాటిని టగ్గులు, అంటే లాగుడు పడవలు, లాగాలి.

నరసాపురం రేవులో పంటెక్కి సఖినేటిపల్లి వెళ్ళినవారికి ఇంతకంటే చెప్పక్కర్లేదు. ఆ పంటును, దాని మీది లారీతో, మోటారు సైకిళ్ళతో, కోళ్ళగంపతో సహా అంతర్వేది దగ్గర సముద్రంలోకి వదలండి. చీకట్లో, దీపాలు లేకుండా. చుట్టూ అలాంటివే కొన్ని వందలు. వేగం గంటకు నాలుగైదు కిలోమీటర్లు, అంటే మా సేనాధిపతి గారి ఉదయపు నడక. చానల్లో ఆటుపోట్ల ఉరవడి చాలాచోట్ల అంతకు మించి ఉంటుంది. పైగా మెరుపు యుద్ధానికి పేరుమోసిన ఆ సైన్యం మొదటి విడతలోనే 4,000 పైచిలుకు గుర్రాలను వెంట తీసుకుపోవాలనుకుంది. గుర్రాలకు దాణా ఏ పంటులో పెట్టారో మా సేనాధిపతి గారిని అడగాలి.

ఫ్రాన్సు తీరంలోని బులోన్ దగ్గర జర్మన్లే ఒకసారి కసరత్తు చేసి చూసుకున్నారు. పట్టపగలు, వాతావరణం అనుకూలం, ఎదుట శత్రువు లేడు. ఒక టగ్గు తాను లాగుతున్న పంటును పోగొట్టుకుంది. సైనికులంతా ఒక పక్కకు చేరడంతో ఒక పంటు బోల్తా పడింది. కొన్ని అలలకు అడ్డం తిరిగి ఒడ్డుకు కొట్టుకురావడంతో తలుపులే తెరుచుకోలేదు. వేళకు ఒడ్డున దిగినవారు సగం మంది కూడా లేరు. పెళ్ళివారి బస్సు కూడా ఇంతకంటే నయంగా చేరుతుంది.

"విమానాలున్నాయి కదండీ!" అంటారు సేనాధిపతి గారు. రాత్రి పూట విమానాలేం చేస్తాయో 1941 మే నెలలో గ్రీసు ద్వీపం క్రీట్ దగ్గర తేలింది. ఆకాశమంతా జర్మన్లదే. అయినా రాత్రి బ్రిటిష్ యుద్ధనౌకలు వచ్చి, జర్మన్ సైనికులతో వస్తున్న చిన్న పడవల బారును చెల్లాచెదురు చేశాయి. జర్మనీకేమో 1940 ఏప్రిల్‌లో నార్వే రేవు నార్విక్ దగ్గరే పది డిస్ట్రాయర్లు (వేగంగా పోయే యుద్ధనౌకలు) మునిగిపోయాయి, ఉన్నవాటిలో దాదాపు సగం. 1974లో బ్రిటిష్ సైనిక విద్యాలయం శాండ్‌హర్స్ట్‌లో ఈ దాడిని బల్ల మీద ఆడి చూశారు. తీర్పరుల్లో జర్మన్ వైమానిక యోధుడు అడాల్ఫ్ గాలండ్ కూడా ఉన్నాడు. సేనలను ఒడ్డుకైతే దించగలిగారు. ఆ వెనుక నౌకాదళం వచ్చి దారి మూసేసింది. దిగినవారికి తిండీ లేదు, తూటాలూ లేవు. నిజం హిట్లర్‌కే ముందు అర్థమైంది. 1940 సెప్టెంబర్ 17న పథకాన్ని నిరవధికంగా వాయిదా వేశాడు. మా పార్కులో మాత్రం ఇంకా వాయిదా పడలేదు.

ఇంతవరకూ నాకు సరదాగానే ఉంది. ఆయన అక్కడితో ఆగరు. "దాటి ఉంటే మనకు ఏడేళ్ళు ముందే స్వాతంత్ర్యం వచ్చేది" అంటారు. బంతిలో నలుగురు తలలూపారు కూడా.

ఎవరిచ్చేవాడండీ? హిట్లరా? 1937 నవంబర్‌లో బ్రిటిష్ మంత్రి హాలిఫాక్స్ తన ఇంటికి వస్తే, గాంధీని కాల్చిపారేయండి, అప్పటికీ లొంగకపోతే కాంగ్రెస్ నాయకులను డజను మందిని కాల్చండి, ఇంకా లొంగకపోతే రెండు వందల మందిని కాల్చండి అని సలహా ఇచ్చినవాడు! ఆ వరుసలో మన ఊళ్ళ ఖద్దరు చొక్కాలు ఉండవా? ఇంగ్లండులో 17 నుంచి 45 ఏళ్ళ మధ్య ఉన్న ఆరోగ్యవంతులైన మగవాళ్ళందరినీ పట్టి ఐరోపాకు తరలించాలని హిట్లర్ సైన్యం ఉత్తర్వు రాసి పెట్టుకుంది. పట్టుకోవాల్సినవారి పేర్లు 2,800కు పైగా ముందే అచ్చు వేయించారు. అప్పటికే చనిపోయిన మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రాయిడ్ పేరు కూడా అందులో ఉంది. అలాంటివాడి పడవలు మునిగిపోయేవని బాధపడుతూ గారె తింటున్నామా? సిగ్గనిపించదా?

గొంతు కొంచెం పెరిగిందనుకుంటాను. వడ్డించే కుర్రాడు సాంబారు బకెట్టుతో అక్కడే ఆగిపోయాడు. సేనాధిపతి గారు ఇంగ్లండును తుంచి చట్నీలో అద్దుకున్నారు. కాసేపు నిదానంగా నమిలారు. తరువాత, అప్పుడే ఆకులో పడిన పెసరట్టు ఈ చివరి నుంచి ఆ చివరికి ఎంత వెడల్పుందో చూసుకుంటూ అన్నారు:

"పోనీ మాస్టారూ, రష్యా మీదికి ఒక నెల ముందే బయలుదేరి ఉంటే?"