వెంచర్ల అన్న ఆఫీసు సోఫా గారికి

మహారాజశ్రీ ముందుగది సోఫా గారి సముఖానికి,

నమస్కారం. ఉభయ కుశలోపరి. నా నడుమును మాత్రం ఆ కుశలంలో కలపకండి.

గురువారం మధ్యాహ్నం రెండు గంటలకు రమ్మన్నది ప్లాట్ల వెంచర్లు వేసే మీ అన్నే. బంధువుల పెళ్ళిలో భుజం మీద చెయ్యేసి, "మన ఊరి పిల్లోడు, నీ సినిమా మనం కాకుంటే ఎవరు తీస్తారు? తీద్దాం" అన్నదీ ఆయనే. నేను ఒకటిన్నరకే వచ్చి మీ మీద కూర్చున్నాను. దీపాలు పెట్టే వేళకు ఆఫీసు కుర్రాడు తల బయటపెట్టి, "అన్న ఎప్పుడో పోయినాడు సామీ, ఎనక గేట్లో నించి. ఎవురిదో గృహప్రవేశమంట" అన్నాడు. కారు స్టార్టయిన చప్పుడు నాకూ వినబడింది, మీకూ వినబడింది. ఎవరో డ్రైవరు బండి తిప్పుకుంటున్నాడులే అనుకుని నేను స్క్రిప్టులో పేజీలు సర్దుకుంటూ కూర్చున్నాను. మీకు ఆ గేటు సంగతి ముందే తెలుసు. కనీసం ఒక స్ప్రింగు పొడిచైనా చెప్పకూడదా?

కొన్న రోజున ఉన్న ప్లాస్టిక్ కవరు మీకు ఇంకా అలాగే ఉంది. మీరు మాయకుండా ఉంటే చాలు, మేం ఏమైపోయినా పర్వాలేదు. రోహిణీ కార్తెలో, తిరుపతిలో, ఆ కవరు మీద గంటలు గంటలు కూర్చున్నవాడు లేచి నిలబడితే చొక్కా వీపుకు అంటుకునుంటుంది, ప్యాంటు మీకు అంటుకునుంటుంది. చర్రుమని చప్పుడు. ఆ చప్పుడుకు టేబుల్ దగ్గర బిల్లులు రాసుకునే అమ్మాయి తలెత్తి చూసి మళ్ళీ దించుకుంది. ఏసీ మాత్రం లోపల అన్న లేని గదిని చల్లగా ఉంచుతోంది.

కాచుకోవడం మాకు చేతకాక కాదు. తిరుపతిలో పుట్టినవాళ్ళం. కొండ మీద వైకుంఠం కంపార్ట్‌మెంటులో కూర్చుంటే తాళం వేసినా లోపలికి పాలు వస్తాయి, సాంబారన్నం వస్తుంది, ఎప్పటికో గేటు తీస్తారు. "జరగండి జరగండి" అని తోసేసే లోపు రెప్పపాటైనా స్వామి కనిపిస్తాడు. మీ దగ్గర వాటర్ క్యాన్ కూడా అడుగంటింది. మీ స్వామి వెనక గేట్లో పోయే స్వామి.

సరే, ఇదంతా ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది ఇంకొకటుంది. ఈ భూమ్మీద నా కథ వినని మనిషి మీ అన్న ఒక్కడే. మీ మీద కూర్చున్న ప్రతివాడికీ చెప్పాను. చెప్పానా, చెప్పించారా, అది వేరే సంగతి. "ఏం పని మీద వచ్చినారు?" అంటారు. సినిమా అంటే చాలు, ఇటు జరుగుతారు.

కథ ఒక్క రాత్రిది. చిత్తూరు పక్క మామిడి గుజ్జు తీసే పల్ప్ ఫ్యాక్టరీ, గేటు ముందు తోతాపురి కాయల లోడుతో ట్రాక్టర్ల వరస. ఒక రైతు, బడికి పోయే కూతురు. టోకెను ఉంది, పిలుపు రాదు. లోడు ఆగేకొద్దీ అడుగు కాయలు నలిగి ట్రాలీ సందుల్లోంచి రసం రోడ్డు మీద కారుతుంది, తూకం తగ్గుతుంది. 2025 సీజన్లో కిలోకు 12 రూపాయలన్నారు, అందులో 8 ఫ్యాక్టరీలు, 4 ప్రభుత్వం. ఆ పాప నోటు పుస్తకం వెనక అట్ట మీద రాత్రంతా ఆ లెక్కే వేస్తుంటుంది, కారిపోయింది తీసేసుకుంటూ. అంతే కథ.

ప్లాటు కొనడానికి వచ్చిన పెద్దాయన పాప స్థానంలో మరదల్ని పెట్టమన్నాడు. వాస్తు సిద్ధాంతి గారికి కథతో పేచీ లేదు, ట్రాక్టరు ముఖం దక్షిణానికి ఉండకూడదన్నాడు అంతే. ఫ్యాక్టరీ గేటు అటే ఉంది కదండీ అంటే, "గేటు మార్చు నాయనా, నీ కథే గదా" అన్నాడు. చీటీల లెక్కలు రాసే ఆయన ఓటీటీ వాళ్ళు ముందే డబ్బు ఇచ్చేస్తారంట కదా అని నన్నే అడిగాడు. ఆ "ముందే" ఎక్కడుందో చెబితే రాత్రికి రాత్రే పోయి కాచుకుంటాను.

ఇక అన్న బామ్మర్ది. ఆయన సెల్‌ఫోన్ చూస్తూనే విని, చూస్తూనే తేల్చేశాడు: "పైన మామిడికాయలు, కింద ఎర్రచందనం దుంగలు. చెక్‌పోస్టులో ఆపుతారు. నేను దిగుతాను." 2021లో పుష్ప వచ్చినప్పటి నుంచి మా జిల్లాలో రైతనేవాడు లేడు, శేషాచలమూ దుంగలూ తప్ప. మా యాస తెరకెక్కినందుకు అందరికంటే సంబరపడ్డవాణ్ణి నేనే. అయితే ఆ యాసలో కాయల రేటు కూడా అడుగుతాం సామీ!

కథను కథగా విన్నది డ్రైవరు ఒక్కడే. మీ చేతి మీద కూర్చుని, తాళంచెవి తిప్పుతూ, కదలకుండా విన్నాడు. "మా నాయన అట్నే పండుకున్నాడు సామీ, టాక్టరు కింద, రెండు రాత్రులు" అన్నాడు. నా గొంతులో ఏదో అడ్డం పడింది. కాసేపాగి, "అయితే దీన్నెవురు చూస్తారు?" అన్నాడు.

మా వెనకటి తరానికి సినిమా పిచ్చి పడితే మద్రాసు బస్సెక్కేవాళ్ళు. మూడు నాలుగు గంటల దారి, అన్నం మూట ఆరకముందే స్టూడియో గేటు. పరిశ్రమ హైదరాబాదుకు తరలిపోయాక మాకది ఒక పూర్తి రాత్రి ప్రయాణమైంది. పోయాక అక్కడి మేనేజర్లు స్క్రిప్టు పక్కన పెట్టి, "తిరుపతా? మూడొందల దర్శనం టికెట్లు దొరుకుతాయా బ్రదర్?" అంటారు. అందుకే కదా ఊళ్ళోనే నిర్మాత దొరికాడని సంబరపడి మీ మీద వాలింది!

స్నేహితుల సలహాలు వేరే. క్రిస్టఫర్ నోలన్ మొదటి సినిమా ఫాలోయింగ్‌ను ఏడాది పాటు శనివారాలే తీశాడంట, నువ్వూ అట్లే తీయి అంటారు. లండన్‌లో శనివారం సెలవేమో. మా హీరో కొండకు జీపు తోలతాడు. శనివారం శ్రీవారి వారం, ఆ రోజు అతను దొరకడం కంటే బ్రేక్ దర్శనం దొరకడం సులువు. ఇంకొకడు సత్యజిత్ రాయ్ భార్య నగలు తాకట్టు పెట్టాడని గుర్తుచేస్తాడు. మా ఆవిడవి నా షార్ట్ ఫిల్ము నాడే బ్యాంకు చూశాయి, ఇంకా అక్కడే ఉన్నాయి.

రాయ్ సంగతిలో నన్ను నిద్రపోనివ్వనిది నగలు కాదు, పశువులు. 1952లో పథేర్ పాంచాలికి మొదటి రోజు రెల్లుపూల మధ్య కొంత తీశాడు. మిగతా సగానికి మళ్ళీ పోయేసరికి పూలన్నీ పశువులు మేసేశాయి. మళ్ళీ పూసేదాకా ఏడాది ఆగాల్సి వచ్చింది. సినిమా విడుదలయ్యేసరికి 1955. నావి మామిడికాయలు. జూలై దాటితే తోటలు ఖాళీ, ఫ్యాక్టరీ గేట్లు బంద్, ట్రాక్టర్లు మట్టి తోలకానికి పోతాయి. సెట్టు వేయించడానికి నా దగ్గర డబ్బే ఉంటే మీ మీద ఎందుకు కూర్చుంటాను? పాప పాత్ర వేసే అమ్మాయి వచ్చే ఏడాదికి అడుగు పొడుగు పెరుగుతుంది. వచ్చే వారం, వచ్చే వారం అంటూ మీ అన్న మేస్తున్నది నా సీజన్ని. తీయనంటే తీయనని మొహం మీద చెప్పి పంపొచ్చు కదా! సెంటు భూమికి పైసలతో సహా లెక్క చెప్పే మనిషికి ఒక మనిషి మధ్యాహ్నానికి ఖరీదు తెలీదా? సిగ్గుండాలి!

క్షమించండి. మీ మీద కేకలేసి ఏం లాభం. మీరు కనీసం కూర్చోనిచ్చారు.

సోమవారం రమ్మన్నారు. రాను. చంద్రగిరి పక్క మా మేనమామ ట్రాక్టరు ఇస్తానన్నాడు, డీజిల్ మాది. ఫ్యాక్టరీ గేటు ముందు వరస ఎటూ ఉంటుంది, దానికి జూనియర్ ఆర్టిస్టులు అక్కర్లేదు. కెమెరా నా ఫోనే. మీ డ్రైవరు వాళ్ళ నాయనను కూడా అడిగాను, కింద పడుకునే సీనుకు. చూద్దామన్నాడు, అయితే ఆయన చూద్దామంటే వస్తాడని నా నమ్మకం.

ఇప్పుడు అసలు మనవి. ఓనరు గదిలో రైతును కూర్చోబెట్టి అందరూ మరిచిపోయే సీనొకటుంది. దానికి మీరు కావాలి, కవరు తీయకుండా. లేచినప్పుడు ఆ చర్రుమనే చప్పుడు అక్కడికక్కడే రికార్డు చేస్తాను, డబ్బింగులో అది రాదు. అద్దె ఇచ్చుకోలేను, టైటిల్స్‌లో కృతజ్ఞతలు వేస్తాను. ఈ ఫీల్డులో నాకు ఇప్పటిదాకా ముట్టింది కూడా అదే. మోసుకుపోవడానికి మావాళ్ళు ట్రాలీ ఆటో తెస్తారు. అన్న ఆఫీసులో లేనప్పుడు వస్తాం, అంటే ఏ వేళకైనా సరే.

ఇట్లు,
మీ మీద ఎడమ పక్క కూర్చునే దర్శకుడు