ఎన్టీఆర్ జిల్లా అన్న పిల్లకి మార్కు బాకీ

జనవరిలో విజయవాడలో జరిగిన మన ప్రవాసుల సంఘం ఆత్మీయ సమ్మేళనానికి వచ్చినవాళ్లకి ఆ క్విజ్ గుర్తుండే ఉంటుంది. శాలువాలు, సన్మానాలు అయిపోయి, భోజనాలకి ఇంకా పిలుపు రాకముందు, ఎప్పటిలాగే పిల్లలని స్టేజీ ఎక్కించారు. ఆరో ప్రశ్న: విజయవాడ ఏ జిల్లాలో ఉంది? విదేశంలోనే పుట్టి పెరిగిన 12 ఏళ్ల అమ్మాయి మైకు అందుకుని "ఎన్టీఆర్ జిల్లా" అంది. కార్డు మీద ఉన్న జవాబు కృష్ణా. హాలంతా ఘొల్లుమంది. ముందు వరసలోంచి ఎవరో "ఏ ఊరి పిల్లమ్మా నువ్వు" అన్నారు కూడా. మార్కు పక్క జట్టుకి పోయింది.

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఆ రోజు నుంచి విజయవాడ ఎన్టీఆర్ జిల్లా కేంద్రం. కృష్ణా జిల్లాకి మచిలీపట్నం. నవ్వినవాళ్లం విమానం ఎక్కిన రోజున ఉన్న జిల్లా పేరునే జేబులో పెట్టుకుని తిరుగుతున్నాం. పిల్ల మాత్రం చదువుకుని వచ్చింది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ క్విజ్‌నే పది ప్రశ్నలకి కుదించి, ఇంగ్లీషులోకి మార్చి, సంఘం పేరు మీద ఒక ట్రివియా సైట్‌కి పంపారు. రెండు వారాలకి అక్కడి ఎడిటర్ 14 అభ్యంతరాలతో తిప్పి పంపారు. ఆ రాత్రి వాట్సాప్ గ్రూపులో సగం మెసేజీలు "మన బెజవాడ గురించి మనకి చెప్పడానికి ఆయనెవరండీ" అనే. మిగతా సగం దండం పెట్టే బొమ్మలు. ఆ 14 అభ్యంతరాలూ వరసగా చదివితే ఊరి మీద ఒక్క మాటా లేదు, అన్నీ ప్రశ్నల మీదే. అందులో పదమూడు ఆయన వైపే నిలుస్తాయి. ఆ మిగిలిన ఒక్కటీ ఏమిటో కింద వస్తుంది.

ఇలాంటి సైట్లలో ఎడిటర్లు చాలావరకు జీతం లేకుండా చేసేవాళ్లే. బీసెంట్ రోడ్డు ఎక్కడుందో, బ్రాడీపేట ఎక్కడుందో వాళ్లకి తెలియక్కర్లేదు. ఊరు తెలియని మనిషి చదివినా ప్రశ్నకి ఒకే ఒక్క జవాబు తేలుతుందా, ఆ జవాబుని బయట సరిచూసుకోగలమా అన్నది చూస్తారు. జిల్లా ప్రశ్న మొదటి పరీక్షలోనే పోయింది. దాన్ని బాగుచేయడం కూడా కష్టమేం కాదు: "2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల విభజన తర్వాత విజయవాడ ఏ జిల్లాకి కేంద్రమైంది?" తేదీ ప్రశ్నలోనే ఉంటే రేపు మళ్లీ గీతలు మారినా జవాబు మారదు. "ప్రస్తుతం", "ఇటీవల", "ఇప్పటివరకు" అనే మాటలు కనపడగానే ఎడిటర్ పెన్ను తీసేది ఇందుకే. క్విజ్ ఒకసారి ఎక్కితే ఏళ్ల తరబడి ఉంటుంది మరి.

మనవాళ్లకి బాగా గుచ్చుకున్నది జెండా ప్రశ్న. "మన జాతీయ జెండాను రూపొందించిన తెలుగువాడు ఎవరు?" అని మనం అడిగాం. పింగళి వెంకయ్యగారి పేరు తీసేయమన్నారని గ్రూపులో గోల. తీసేయమని ఎవరూ అనలేదు. 1921లో విజయవాడ కాంగ్రెస్ సమావేశాలప్పుడు ఆయన గాంధీజీకి అందించిన నమూనాలో ఉన్నవి ఎరుపు, ఆకుపచ్చ రంగులు. తెల్లపట్టీ గాంధీజీ సూచన. 1931లో కాంగ్రెస్ కాషాయం, తెలుపు, ఆకుపచ్చల జెండాని ఆమోదించింది. 1947 జూలై 22న రాజ్యాంగ సభ స్వీకరించిన జెండాలో రాట్నం పోయి అశోకచక్రం వచ్చింది. ఆ చివరి రూపం ఎవరిదన్న దాని మీద వేరేవాళ్ల పేర్లూ వినిపిస్తాయి. ఇన్ని చేతులు పడ్డ జెండాకి ఒకే పేరు అడిగితే, ఆడినవాళ్లలో పదిమంది ఫిర్యాదు పెడతారు. "1921లో విజయవాడలో గాంధీజీకి జెండా నమూనా అందించినది ఎవరు?" అని అడగండి, ఒక్కరూ నోరెత్తలేరు. పైగా మన ఊరి పేరు ప్రశ్నలోకే వచ్చింది. భట్లపెనుమర్రులో పుట్టిన మనిషికి దీనివల్ల తగ్గిన గౌరవం ఏమిటో చెప్పండి.

బ్యారేజీ ప్రశ్న గురించి మాట్లాడకుండా ఉంటేనే మనకి మర్యాద. ప్రకాశం బ్యారేజీ కట్టించింది కాటన్ దొర అని జవాబు ఇచ్చాం. కాటన్ దొర 1899లో పోయాడు, బ్యారేజీ 1957లో పూర్తయింది. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట వేరు. అది 1952లో తెగాకే ఈ బ్యారేజీ కట్టారు.

ఉండవల్లి గుహలు "విజయవాడలో" అని రాశాం. ఏరు దాటితే గుంటూరు జిల్లా అని ఆటో డ్రైవర్ కూడా చెప్తాడు. అమరావతిది ఇంకో చిక్కు. అమరేశ్వరుడి గుడి ఉన్న ఊరు ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉంది, రాజధాని ప్రాంతం గుంటూరు జిల్లాలో ఉంది. ఏ అమరావతో చెప్పకుండా జిల్లా అడిగితే రెండు జవాబులూ ఒప్పే. గుంటూరు మిర్చి యార్డు "ప్రపంచంలోనే పెద్దది" అన్న చోట ఎడిటర్ ఒకే ముక్క రాశారు: దేని లెక్కన? విస్తీర్ణమా, బస్తాలా, రూపాయలా? ఎక్కడ చూసి రాశామో మనమే చెప్పలేకపోయాం. గుంటూరు సన్నం రకం మిర్చికి భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది కదా, దాని మీద అడిగితే సరిపోయేది.

ఇక ఆప్షన్లు. సరైన జవాబు ఒక వాక్యం పొడుగున, తప్పు జవాబులు ఒక్కో ముక్క — ఊరు తెలియని మనిషి కూడా పొడుగ్గా ఉన్నదే నొక్కుతాడు. నాలుగూ ఒకే జాతివి, ఇంచుమించు ఒకే పొడవువి కావాలి: ఊళ్లయితే నాలుగూ ఊళ్లే, కవులయితే ఇంచుమించు ఒకే కాలపు కవులే. కొండపల్లి బొమ్మలకి వాడే చెక్క ఏది అని అడిగి, తెల్లపొణికి పక్కన ప్లాస్టిక్, ఇనుము, గాజు పెడితే అది ప్రశ్న అనిపించుకోదు; టేకు, వేప, రోజ్‌వుడ్ పెట్టాలి. "పైవన్నీ" అసలు వద్దు. చాలా సైట్లు ఆట ఆడిన ప్రతిసారీ ఆప్షన్ల వరస కలిపేస్తాయి, అప్పుడు "పైవన్నీ" అన్నిటికంటే పైన వచ్చి కూర్చుంటుంది. మూడో ప్రశ్న జవాబు ఏడో ప్రశ్న వాక్యంలో దొర్లిందేమో కూడా చూసుకోవాలి. మన దాంట్లో దొర్లింది.

ఆడేవాళ్లు జవాబు టైపు చేసే ప్రశ్నలయితే స్పెల్లింగులతోనే సగం పని. తెలుగు పేర్లని ఇంగ్లీషులో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. ప్రకాశం అన్నా, ప్రకాశం పంతులు అన్నా, ఇంటిపేరుతో టంగుటూరి ప్రకాశం అన్నా ఒప్పుకోవాలి; ఇంగ్లీషులో "శ"ని రెండు రకాలుగానూ, "టం"ని రెండు రకాలుగానూ రాసి, ఆ రూపాలన్నీ ఒప్పుకునే జవాబుల జాబితాలో పెట్టాలి. బెజవాడ, విజయవాడ కూడా అంతే.

ప్రతి జవాబు కింద రెండు మూడు వాక్యాల వివరణ అడుగుతారు. మనవాళ్లు వికీపీడియాలోంచి దించేశారు. ఒక మాట అటూ ఇటూ మార్చినా అది కాపీయే, ఎడిటర్ ఒక వాక్యం సెర్చ్‌లో వేస్తే దొరికిపోతుంది. చదివి, పేజీ మూసేసి, గుర్తున్నది సొంత వాక్యాల్లో రాసి, అంకెలు మాత్రం మళ్లీ తెరిచి సరిచూసుకోండి. ఫొటో పెడితే మనం తీసిందో, వాడుకోవడానికి అనుమతి ఉన్నదో అయ్యుండాలి. ఫార్వర్డ్‌లో వచ్చిన బొమ్మలు పనికిరావు.

ఆ ఒక్క అభ్యంతరం సంగతి. ఆంధ్ర రాష్ట్ర హైకోర్టు గుంటూరులో ఉండేదా అని ఎడిటర్ అనుమానపడ్డారు, రాజధాని కర్నూలు కదా అని. ఇక్కడ మనం చెప్పింది నిజమే, హైకోర్టు గుంటూరులోనే ఉండేది. కానీ మన ప్రశ్నలో "1953లో" అని ఉంది. రాష్ట్రం 1953 అక్టోబరు 1న వచ్చింది, గుంటూరు హైకోర్టు మొదలైంది 1954 జూలైలో. ఆ మధ్యకాలం మద్రాసు హైకోర్టే చూసింది. ఆప్షన్లలో మద్రాసు ఉంది! ఎడిటర్ కారణం పొరపాటు, అనుమానం మాత్రం సరైన చోటే పడింది. ఇలాంటప్పుడు "మాది గుంటూరు, మాకు తెలుసు" అని రాసి లాభం లేదు. ఆధారం ఎక్కడుందో చెప్పి, "1955లో" అని మార్చిన ప్రశ్నని కిందే రాసి పంపితే ఆయనకి ఒప్పుకోవడమే తేలిక.

జవాబు రాసే పద్ధతి కూడా మనం మార్చుకోవాలి. ఎడిటర్ నోటు వచ్చిన రాత్రే ఎవరూ కీబోర్డు ముట్టుకోకండి. మర్నాడు ఆయన పాయింట్లు వరసగా కాపీ చేసుకుని, ఒక్కోదాని కింద ఏం మార్చామో ఒక్క లైను రాయండి. ఎడిటర్లు ఒక తప్పుని ఒక చోటే చూపించి వదిలేస్తారు, అదే తప్పు మిగతా తొమ్మిది ప్రశ్నల్లో వెతుక్కోవాల్సింది మనమే. మనం రెండోసారి పంపినప్పుడు చూపించినవి మూడు దిద్ది, మిగతావి అలాగే వదిలేసి, పైన "దయచేసి త్వరగా" అని రాశాం. అది మళ్లీ వరస చివరికి వెళ్లింది. అయిదుగురు అయిదు మెసేజీలు పెట్టడం, విభాగం మార్చి ఇంకో ఎడిటర్ దగ్గర అదృష్టం చూసుకోవడం, ఈ రెండూ వాళ్లకి ఇట్టే తెలిసిపోతాయి.

ఊళ్లో మన పెళ్లిపిలుపు కార్డు ప్రెస్సుకి వెళ్లేముందు మేనమామ ఒకాయన కళ్లజోడు పెట్టుకుని ముహూర్తం నుంచి తాతల పేర్ల దాకా చదివేవాడు. తప్పు పట్టుకుంటే కాఫీ ఇచ్చి కూర్చోబెట్టేవాళ్లం. ఆ అలవాటు ఎక్కడ పారేసుకున్నామో గానీ, క్విజ్‌కి మాత్రం అలాంటి మేనమామని పెట్టుకోలేదు. కార్యవర్గానికి నా విన్నపం ఇదే: సావనీరులో క్విజ్ పేజీ ప్రెస్సుకి పోయేముందు విదేశంలో ఉంటున్నవాళ్లు ఒకరు, విజయవాడలోనో గుంటూరులోనో ఉంటున్నవాళ్లు ఒకరు, ప్రశ్నలు రాయని ఇద్దరు చదవాలి. మూడోసారి సైట్‌కి పంపేముందూ వాళ్లే చదవాలి.

ఇంకో పనీ ఉంది. ఆ రోజు ఆ అమ్మాయి జట్టు ఒక్క మార్కు తేడాతో రెండో స్థానంలో ఆగిపోయింది. జిల్లా ప్రశ్న మార్కు వాళ్లదే, కాబట్టి ఫలితం తిరగరాయాలి. సమ్మేళనం లెక్కల్లో మెమెంటోలు తొమ్మిది మిగిలాయని కోశాధికారిగారు చూపించారు. ఆ జట్టులో పిల్లలు నలుగురు.