సర్వే అడిగింది ఒకటి, ప్రచారమవుతున్నది మరొకటి

"ఐరోపా ప్రజల్లో 80 శాతం మంది ఉమ్మడి సైన్యం కావాలంటున్నారు. అధికారం చేజారుతుందన్న భయంతో నాయకులే అడ్డుపడుతున్నారు. అయినా ఆ సైన్యం కోసం 80 వేల కోట్ల యూరోలు ఇప్పటికే పక్కన పెట్టారు. ఇన్ని భాషలున్న భారతదేశం ఒకే సైన్యంతో నడుస్తుంటే 27 దేశాల ఐరోపాకు ఏమిటి అడ్డు?"

ఈ నాలుగు వాక్యాల సందేశం తెలుగువారి వాట్సాప్ బృందాల్లో చేతులు మారుతోంది. నాకు పంపింది డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు. "చూశారా మామయ్యా, జనం ఎప్పుడూ ముందే ఉంటారు, వెనకబడేది నాయకులే" అని కింద రాశాడు. జనం మీద వాడికున్న నమ్మకం నాకూ ఉంది. అందుకే, ఆ జనం నిజంగా ఏమన్నారో చూడకుండా వారి పేరు వాడుకోవడం నాకు బాధ కలిగించింది. నాలుగు వాక్యాల్లోనూ ఎంతో కొంత నిజం ఉంది కాబట్టే సందేశం ఇంత దూరం వచ్చింది. ఆ కొంత ఎంతో విడదీసి చూడాలి.

మొదట ఆ 80 శాతం. ఈ అంకె ఎవరో కల్పించింది కాదు. 27 దేశాల ఐరోపా సమాఖ్యకు కార్యనిర్వాహక విభాగమైన ఐరోపా కమిషన్ తరఫున జరిగే యూరోబారోమీటర్ సర్వేలో ఒక ప్రశ్న ఏళ్ల తరబడి వస్తోంది: సభ్యదేశాలకు ఉమ్మడి రక్షణ, భద్రతా విధానం ఉండడానికి మీరు అనుకూలమా, వ్యతిరేకమా? చాలాకాలంగా 70 శాతానికి పైగా అనుకూలమే అంటున్నారు. ఉక్రెయిన్‌పై రష్యా దండయాత్ర తర్వాత అది 80 శాతానికి అటూ ఇటూగా చేరింది. ప్రశ్నను మరోసారి చదవండి. అందులో 'సైన్యం' అన్న మాటే లేదు.

ఉమ్మడి విధానం కింద చాలా పనులు చేయవచ్చు. ఫిరంగి గుండ్లు కలిసి కొనవచ్చు, కలిసి శిక్షణ ఇవ్వవచ్చు. సోమాలియా తీరంలో సముద్రపు దొంగల నుంచి ఓడలను కాపాడడానికి 2008 డిసెంబరులో మొదలైన 'అటలాంటా' నౌకాదళ కార్యక్రమం అలాంటిదే. అందులో పాల్గొనే ప్రతి యుద్ధనౌకా తన దేశపు జెండాతోనే వెళుతుంది, తన ప్రభుత్వం వెనక్కి రమ్మంటే వచ్చేస్తుంది. సైన్యం సంగతి వేరు. దానికి ఒకే ఆజ్ఞ ఉంటుంది. ఫలానా సరిహద్దుకు వెళ్లి పోరాడమంటే, పుట్టిన దేశానికి ఇష్టం ఉన్నా లేకున్నా వెళ్లవలసిందే.

ఈ తేడా అక్కడి జనానికి బాగా తెలుసు. 2017 ఏప్రిల్‌లో భద్రత, రక్షణలపై జరిపిన ప్రత్యేక సర్వేలో యూరోబారోమీటర్ రెండూ అడిగింది. ఉమ్మడి విధానానికి 75 శాతం సరే అన్నారు. ఐరోపా సైన్యానికి సరే అన్నవారు 55 శాతం. అవే దేశాలు, అదే సర్వే. 'విధానం' స్థానంలో 'సైన్యం' వచ్చేసరికి ప్రతి వందమందిలో ఇరవైమంది తగ్గిపోయారు. 55 శాతం కూడా సగానికి పైనే, కాదనను. కానీ 55ను 80గా చెప్పడం చిన్న పొరపాటు కాదు. మొదటి ప్రశ్నకు అవునని రెండోదానికి ఒప్పుకోని ఆ ఇరవైమంది చెప్పిన మాటను ఇది పూర్తిగా తుడిచేస్తోంది.

ఆ 55 కూడా సగటే. నెదర్లాండ్స్, బెల్జియంలలో దాదాపు నలుగురిలో ముగ్గురు సైన్యానికి అనుకూలం. స్వీడన్‌లో, అప్పటికింకా సభ్యదేశంగానే ఉన్న బ్రిటన్‌లో సగంమంది కూడా కాదు. యూరోబారోమీటర్ చాలా దేశాల్లో సుమారు వెయ్యిమంది చొప్పున అడిగి, జనాభాను బట్టి సమాఖ్య సగటు కడుతుంది. కాబట్టి 8 కోట్లకు పైగా జనమున్న జర్మనీ అభిప్రాయం సగటును లాగేస్తుంది, ఐదారు లక్షల మాల్టా అభిప్రాయం అందులో కనిపించదు. సర్వేకు ఇది సరైన పద్ధతే. నిర్ణయం మాత్రం ఈ పద్ధతిలో జరగదు. ఐరోపా సమాఖ్య ఒప్పందంలోని 42వ అధికరణం ప్రకారం, ఉమ్మడి రక్షణ ఏర్పడాలంటే సభ్యదేశాల అధినేతలందరూ ఏకగ్రీవంగా ఒప్పుకోవాలి. ఆపైన ప్రతి దేశమూ తన రాజ్యాంగం ప్రకారం దానిని ఆమోదించాలి. అంటే మాల్టా ఒక్కటి కాదన్నా ఆగిపోతుంది. ఈ విషయంలో సగటు ఐరోపావాసికి ఓటు లేదు. ఓటు ఉన్నది దేశాలకు.

ఇంకో సర్వేను కూడా దీని పక్కనే ఉంచి చూడాలి. 2014 చివర్లో విన్-గాలప్ ఇంటర్నేషనల్ అనే సర్వే సంస్థ 64 దేశాల్లో, యుద్ధం వస్తే మీ దేశం కోసం పోరాడతారా అని అడిగింది. ఫిన్లాండ్‌లో 74 శాతం అవునన్నారు. జర్మనీలో 18 శాతం. నెదర్లాండ్స్‌లో 15 శాతం. దాదాపు రెండున్నరేళ్ల తర్వాత ఐరోపా సైన్యానికి అందరికంటే గట్టిగా మద్దతు పలికినవారిలో ఉన్నది ఈ నెదర్లాండ్సే. రెండు సర్వేల కాలం వేరు, అడిగినవారు వేరు, కాబట్టి లెక్కను మరీ బిగించి చెప్పను. కానీ ఉమ్మడి సైన్యం కావాలన్నవారంతా అందులో చేరడానికి సిద్ధమని అనుకోవడానికి వీల్లేదని మాత్రం తెలుస్తోంది. తనకు రక్షణ కావాలనుకోవడం ఒకటి, తన కొడుకును రష్యా పక్కనున్న లిథువేనియా సరిహద్దుకు పంపడానికి ఒప్పుకోవడం మరొకటి. మన ఊళ్లలో సైనిక కుటుంబాలు ఎరిగినవారికి ఈ తేడా ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక నాయకులే అడ్డు అన్న మాట. నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టిన వాక్యం ఇదే, ఎందుకంటే చరిత్ర చాలాచోట్ల దీనికి ఎదురుగా నిలుస్తుంది. ఉమ్మడి సైన్యం ఆలోచన పుట్టిందే నాయకుల గదుల్లో. 1950 అక్టోబరులో ఫ్రాన్స్ ప్రధాని రెనే ప్లెవెన్ దానిని ప్రతిపాదించారు. రెండో ప్రపంచయుద్ధం ముగిసి ఐదేళ్లే అయింది. సోవియట్ భయం వల్ల పశ్చిమ జర్మనీకి మళ్లీ ఆయుధాలు ఇవ్వక తప్పని స్థితి. జర్మన్ సైన్యాన్ని మళ్లీ చూడడం కంటే జర్మన్ సైనికులను ఐరోపా సైన్యంలో కలిపేయడం మేలన్నది ఆయన ఆలోచన. 1952 మే 27న పారిస్‌లో ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లగ్జెంబర్గ్ సంతకాలు చేశాయి. ఉమ్మడి బడ్జెట్, ఉమ్మడి యూనిఫాం కూడా రాసుకున్నారు. పశ్చిమ జర్మనీ, బెల్జియం, నెదర్లాండ్స్, లగ్జెంబర్గ్ చట్టసభలు ఆమోదించాయి. 1954 ఆగస్టు 30న ఫ్రాన్స్ జాతీయ సభ 319–264 ఓట్లతో దానిని పక్కన పడేసింది. ఏ విషయంలోనూ కలవని కమ్యూనిస్టులు, జాతీయవాద నేత డీగాల్ అనుచరులు ఆ రోజు ఒక్కటై ఓటేసి, లేచి నిలబడి తమ జాతీయగీతం పాడారు. అప్పటి ప్రధాని పియర్ మెండెస్-ఫ్రాన్స్ ఆ ఓటుపై తన ప్రభుత్వాన్ని పణంగా పెట్టలేదు, అంటే ఓడితే దిగిపోతానని అనలేదు, అది నిజమే. కానీ తన సైన్యం తన చేతుల్లోనే ఉండాలన్న భావన ఆనాటి ఫ్రాన్స్‌లో కుడి ఎడమలు రెండింటిలోనూ ఎంత లోతుగా ఉండేదో ఆ సభ చూపింది.

ఆ తర్వాత కూడా ఈ మాట పదేపదే ఎత్తింది నాయకులే. 2015 మార్చిలో కమిషన్ అధ్యక్షుడు జాన్-క్లోడ్ యుంకర్ ఐరోపా సైన్యం కావాలన్నారు. 2018 నవంబరులో ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ రేడియోలో అన్నారు, వారం తర్వాత జర్మనీ చాన్సలర్ మెర్కెల్ ఐరోపా పార్లమెంటులో సమర్థించారు. 2025 ఫిబ్రవరిలో మ్యూనిక్ సదస్సులో ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ పిలుపునిచ్చారు. ఆయన అలా అన్న వెంటనే అది జరిగే పని కాదన్న పోలెండ్ విదేశాంగమంత్రి సికోర్‌స్కీ కూడా నాయకుడే. కాబట్టి నాయకులు ఒకవైపు, జనం మరోవైపు అని గీత గీయడం కుదరదు. రెండు వైపులా నాయకులున్నారు, రెండు వైపులా జనమున్నారు.

మా మేనల్లుడు అద్దెకుంటున్న దేశమే దీనికి పెద్ద సాక్ష్యం. ఐర్లాండ్ ఏ సైనిక కూటమిలోనూ చేరని తటస్థ దేశం. 2001 జూన్‌లో సమాఖ్య నియమాలను మార్చే నీస్ ఒప్పందాన్ని అక్కడి ఓటర్లు రెఫరెండంలో, అంటే నేరుగా ప్రజలే వేసే ఓటుతో, తిరస్కరించారు. సైనిక తటస్థత పోతుందన్న ఆందోళన ఆ తిరస్కారానికి ఒక కారణం. 2002 అక్టోబరులో మళ్లీ ఓటింగ్ పెట్టినప్పుడు, ఉమ్మడి రక్షణలో ఐర్లాండ్ చేరకూడదన్న నిషేధాన్ని రాజ్యాంగంలోనే చేర్చాక ప్రజలు ఒప్పుకున్నారు. 2008 జూన్ 12న అలాంటిదే మరో ఒప్పందం, లిస్బన్ ఒప్పందం వంతు వచ్చింది. మళ్లీ 53 శాతం మంది వద్దన్నారు. తమ పిల్లలను ఐరోపా సైన్యంలోకి నిర్బంధంగా తీసుకుంటారన్న ప్రచారం అప్పుడు ఇంటింటా నడిచింది. ఆ ప్రచారంలో నిజం లేదు, భయం మాత్రం నిజం. దానిని తీర్చడానికి 2009 జూన్‌లో 27 దేశాల అధినేతలు కలిసి, ఈ ఒప్పందంలో ఐరోపా సైన్యం ఏర్పాటు గానీ, ఏ దళంలోకైనా నిర్బంధ భర్తీ గానీ లేవని రాసి ఇవ్వవలసివచ్చింది. ఆ హామీ చేతికొచ్చాక అక్టోబరు 2న 67 శాతం మంది అవునన్నారు. ఇక్కడ గట్టిగా వెనక్కి లాగింది ఓటర్లు. రాసి ఇచ్చింది నాయకులు.

డెన్మార్క్‌ను ఎదురు ఉదాహరణగా చూపేవారున్నారు. 1990ల నుంచి సమాఖ్య రక్షణ కార్యక్రమాలకు దూరంగా ఉన్న ఆ దేశం 2022 జూన్ 1న జరిగిన రెఫరెండంలో దాదాపు 67 శాతం ఓట్లతో ఆ దూరాన్ని తొలగించుకుంది. కానీ ఓటు అడిగింది ఉమ్మడి విధానంలో చేరడానికే, తమ సైన్యాన్ని ఎవరికో అప్పగించడానికి కాదు. అదే నెలల్లో ఫిన్లాండ్, స్వీడన్ ఏం చేశాయో గమనించండి. రెండూ 1995 నుంచి సమాఖ్య సభ్యదేశాలే. రష్యా భయం ఇంటి గడపకు వచ్చినప్పుడు అవి ఐరోపా సైన్యం కావాలని ఊరేగలేదు. అమెరికా కూడా ఉన్న సైనిక కూటమి నాటో తలుపు తట్టాయి. ఫిన్లాండ్ 2023 ఏప్రిల్‌లో, స్వీడన్ 2024 మార్చిలో చేరిపోయాయి. ఫిన్లాండ్‌లో అంతకుముందు నాటోకు మద్దతు ఎన్నడూ సగానికి చేరలేదు. దండయాత్ర జరిగిన మూడు నెలల్లోపే 70 శాతం దాటింది. నిజంగా ప్రాణభయం కలిగినప్పుడు జనం దేనిని పట్టుకున్నారో సర్వే ప్రశ్నల కంటే ఇది సూటిగా చెబుతుంది.

80 వేల కోట్ల యూరోల మాటకు ఎక్కువ స్థలం అవసరం లేదు. 2025 మార్చిలో కమిషన్ ప్రకటించిన ప్రణాళికలో ఆ అంకె ఉంది. అందులో 15 వేల కోట్లు సభ్యదేశాలకిచ్చే రుణాలు. మిగతాది చాలావరకు, బడ్జెట్ లోటుపై ఉన్న ఆంక్షలు సడలిస్తే దేశాలు తమ సొంత సైన్యాలపై తామే పెట్టుకోగల ఖర్చుకు వేసిన అంచనా. ఖజానాలో పోగుపడిన డబ్బు కాదు, ఉమ్మడి సైన్యానికి కేటాయింపు అంతకన్నా కాదు. అసలు సైనిక చర్యల ఖర్చును సమాఖ్య బడ్జెట్ మీద వేయకూడదని ఒప్పందంలోని 41వ అధికరణమే చెబుతోంది.

చివరిది భారతదేశంతో పోలిక. ఇది చదివినప్పుడు మనలో ఎవరికైనా గర్వంగానే ఉంటుంది, నాకూ ఉంది. కానీ మన ఒకే సైన్యం ఎలా వచ్చిందో మరచిపోతే పోలిక తలకిందులవుతుంది. 1948 సెప్టెంబరు దాకా హైదరాబాద్ సంస్థానానికి సొంత సైన్యం ఉండేది. మైసూరు, జైపూర్ వంటి సంస్థానాలకు సొంత దళాలుండేవి. అవి భారత సైన్యంలో కలిసింది, ఆ సంస్థానాలు భారత్‌లో చేరిన తర్వాత. ముందు రాజ్యం ఒకటయింది, దాని వెనక సైన్యం ఒకటయింది. మన రాజ్యాంగం ఏడో షెడ్యూలులో కేంద్ర జాబితా తెరిస్తే మొట్టమొదటి అంశం దేశ రక్షణ. ఐరోపా సమాఖ్య ఒప్పందం 4వ అధికరణం తెరిస్తే, జాతీయ భద్రత ప్రతి సభ్యదేశపు సొంత బాధ్యత అని ఉంటుంది. రెండు పత్రాలూ ఒకే విషయంపై పూర్తిగా ఎదురెదురు మాటలు చెబుతున్నాయి.

దీని పర్యవసానం కాగితం మీదే ఆగదు. జర్మనీ సైనికులను విదేశంలో యుద్ధానికి పంపాలంటే ముందుగా పార్లమెంటు ఆమోదం కావాలని ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం 1994లో తేల్చింది. ఫ్రాన్స్‌లో ప్రభుత్వం పంపేసి మూడు రోజుల్లోగా పార్లమెంటుకు తెలియజేస్తే చాలు. నాలుగు నెలలు దాటితేనే అనుమతి అడగాలి. ఈ రెండు దేశాల సైనికులను ఒకే దళంలో నిలబెట్టి, అర్ధరాత్రి ముట్టడి మొదలైతే ఎవరి ఆజ్ఞ వినాలి? ఒక్కో విడత సుమారు 1,500 మందితో ఐరోపా పోరాట దళాలు 2007 జనవరి నుంచి వంతులవారీగా సిద్ధంగా ఉంటున్నాయి. ఒక్కసారి కూడా వాటిని రంగంలోకి దించలేదు.

అలాగని అక్కడ ఏదీ కదలడం లేదని చెప్పను, అదీ తప్పే అవుతుంది. నెదర్లాండ్స్ 2014లో హెలికాప్టర్లలో తరలివెళ్లే తన బ్రిగేడ్‌ను (కొన్ని వేలమంది సైనికుల దళం), 2016లో యాంత్రిక బ్రిగేడ్‌ను, 2023లో మూడోదానిని జర్మన్ డివిజన్లలో కలిపింది. ఇప్పుడు ఆ దేశపు పోరాట బ్రిగేడ్‌లన్నీ జర్మన్ సేనాపతుల కింద శిక్షణ పొందుతున్నాయి. ఎనభై ఏళ్ల క్రితం అదే జర్మనీ ఆక్రమణలో మగ్గిన దేశం ఇలా చేయడం నాకు అపురూపంగా తోస్తుంది. మేనల్లుడికి ఇది రాస్తే, "అయితే అదే ఐరోపా సైన్యం కదా మామయ్యా" అని అడిగాడు. ఆ బ్రిగేడ్‌లను యుద్ధానికి పంపాలా వద్దా అని నిర్ణయించేది ఈనాటికీ హేగ్‌లోని నెదర్లాండ్స్ ప్రభుత్వమేనని జవాబిచ్చాను.