ఎర్ర పెన్నూ, నువ్వెప్పుడు రిటైరవుతావు?

మహారాజశ్రీ ఎర్ర పెన్ను గారి సముఖానికి,

భీమునిపట్నం నుంచి ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు రాసుకుంటున్న లేఖ. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి కానీ, ఇక్కడ నేను క్షేమం అని రాయలేను. ఎందుకో కింద విన్నవించుకుంటాను. నీ క్షేమం అడగనక్కరలేదు. చొక్కా జేబులో, నా గుండెకు సరిగ్గా ఎదురుగా, క్లిప్పు బిగించుకుని హాయిగా ఉన్నావు. ఈ లేఖ పక్కింటి పిల్లవాడి దగ్గర నీలం పెన్ను అరువు తెచ్చుకుని రాస్తున్నాను. నీతో రాస్తే సగంలోనే నా వాక్యాలు నువ్వే కొట్టేస్తావని భయం.

సంగతి ఏమిటంటే, నేను 2021 జూన్ 30న పదవీ విరమణ చేశాను. శాలువా కప్పారు, దండ వేశారు, ఇక టైముతో పని లేనివాడికి గోడ గడియారం బహూకరించారు. సరిగ్గా ఆరు నెలలకు, 2022 జనవరి 1 నుంచి, విరమణ వయస్సు 60 కాస్తా 62 అయింది. దానికి నేను ఎవరినీ ఏమీ అనలేదు. రెండు మూడు రోజులు అన్నం సహించలేదు, అంతే. నా అసలు బాధ వేరు. ఆ రోజు దండ నా మెడలో పడింది కానీ నీ మెడలో ఎవరూ వేయలేదు. అందుకని నువ్వు ఇంకా సర్వీసులోనే ఉన్నానని అనుకుంటున్నావు.

నీ వైభవం నాకు తెలియనిది కాదు. 33 ఏళ్లలో ఎన్ని రీఫిళ్లు తాగావో లెక్క లేదు. చూచిరాతలు, ఉక్తలేఖనాలు, కాంపోజిషన్ పుస్తకాలు. ఎండాకాలం వస్తే పదో తరగతి స్పాట్‌లో రోజుకు 40 జవాబు పత్రాలు. తెల్ల కాగితం మీద నీ మాటకు తిరుగు లేదు. హెడ్మాస్టరు గారి ఆకుపచ్చ పెన్ను ఒక్కటే నీకు పైవాడు, గెజిటెడ్ సిరా కదా. దాని ముందు మాత్రం మూత తీయకుండా నిలబడేవాడివి. మిగతా లోకమంతా నీకు మార్జిను గీసిన పుస్తకమే. అక్కడే వచ్చింది చిక్కు.

ఇంట్లో నుంచే మొదలుపెడతాను. మా ఆవిడ సరుకుల చీటీ రాసింది. కందిపప్పు కిలో, జీలకర్ర 100 గ్రాములు, ‘ఆవాళ్లు’ 100 గ్రాములు. నువ్వు మూత తీశావు. ‘ళ్లు’ చుట్టూ సున్నా చుట్టి, పైన ‘లు’ అని దిద్ది, అలవాటు కొద్దీ కింద గీత గీసి 8/10 వేశావు. ఆవిడ చూసింది, ఏమీ అనలేదు. మధ్యాహ్నం పులిహోరలో ఆవాలు కనిపించలేదు. అడిగితే, ‘తప్పులు లేకుండా రాయడం వచ్చాక వేస్తాను లెండి’ అంది. నేర్చుకోవడానికి ఆమెకు దాదాపు నెల పట్టింది.

అబ్బాయి బెంగుళూరు నుంచి పంపే సందేశాలు తెలుగే అయినా ఇంగ్లిషు అక్షరాల్లో ఉంటాయి. అక్కడ నీ ఆటలు సాగవు. ‘తిన్నారా’లో దీర్ఘం ఉందో లేదో ఆ లిపిలో తేలదు కనుక, వాడు అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పి ఊరుకుంటున్నాను.

పొద్దున్నే నడకకు వెళ్లి వస్తూ టీ తాగే చోట ఒక బోర్డు ఉంది: ‘ఇచ్చట భోజనములు కట్టబడును.’ వత్తులు, దీర్ఘాలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నేను సంతోషించి కప్పు అందుకోబోతుంటే నువ్వు జేబులో పొడిచావు. ‘కర్మణి ప్రయోగం వాడావు, కర్తను వదిలేశావు. ఎవరి చేత కట్టబడును?’ అని ఆ హోటలు ఆసామిని నిలదీశాను. అతను గరిటె ఆపి, ‘మా ఆవిడ చేతండీ’ అన్నాడు. వ్యాకరణ రీత్యా అంతకంటే శుద్ధమైన జవాబు నా సర్వీసులో ఏ విద్యార్థీ చెప్పలేదు. టీ చల్లారిపోయింది.

అసలు ఈ ఊరే నీ పాలిట పడ్డ ఊరు. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు, ఈనాటికీ తన పేరు ఒక్కలా రాసుకోదు. ఒక బోర్డు మీద భీమునిపట్నం, ఇంకో బోర్డు మీద భీమునిపట్టణం. బస్సు నుదుటి మీద భీమిలి. కిళ్లీ బడ్డీ మీద వత్తు కూడా ఊడగొట్టుకుని బీమిలి. ‘భీమునిపట్నంలో ఏ సంధి జరిగితే భీమిలి అయింది’ అని నువ్వు చాలాకాలం మథనపడ్డావు. సంధీ లేదు, సమాసమూ లేదు, బస్సు కదిలేలోపు కండక్టరుకు చెప్పి తీరవలసిన పేరు కనుక జనం నోట అంత అయింది. నీకిది మింగుడు పడలేదు. ఊళ్లో నువ్వు నోరు మూసుకుని ఉండే చోటు ఒకటే ఉంది. డచ్చివారి పాత సమాధుల తోట. 17వ శతాబ్దం నాటి రాళ్లు, వాటి మీద చెక్కిన అక్షరాలు. ఆ భాష నీకు రాదు. అందుకే సాయంత్రాలు నేను అక్కడ కూర్చుంటాను. స్నేహితులు దాన్ని వైరాగ్యం అనుకుంటున్నారు.

విశాఖకు వెళ్లాలంటే బీచ్ రోడ్డు బస్సు ఎక్కుతాను. మంగమారిపేట, తొట్లకొండ, రుషికొండ, ఎడమ పక్క దారి పొడవునా సముద్రమే. దేశం నలుమూలల నుంచి జనం టికెట్లు కొనుక్కుని వచ్చి చూసే సముద్రం. నేను మాత్రం మెడ కుడివైపు తిప్పి దుకాణాల బోర్డులు చదువుతూ వెళతాను, అది నీ పుణ్యమే. దాదాపు 25 కిలోమీటర్లలో ‘ఋ’ అక్షరం ఎక్కడా కనిపించదు. ఋషికొండను అందరూ రుషికొండ చేసేశారు, పత్రికలతో సహా. పాపం, తరతరాలుగా కాపురమున్న కొండ ఖాళీ చేసి ఆ ఋకారం ఎక్కడికి పోయిందా అని ఆలోచిస్తూ ఉండేవాణ్ణి.

దొరికింది. మా పాత హెడ్మాస్టరు గారు, ఆ ఆకుపచ్చ పెన్ను ఆయనే, కాలం చేశారు. వీధి మొదట్లో నిలువెత్తు ఫ్లెక్సీ. నవ్వుతున్న ఆయన ఫోటో, కింద పెద్ద అక్షరాలతో ‘అశృనివాళి’. అశ్రువు అంటే కన్నీరు, దాని కింద ఉండాల్సింది రవత్తు. కొండ మీద నుంచి తప్పిపోయిన ఋకారం వచ్చి కన్నీటిలో పడింది! అందరూ ఆయన ముఖం చూస్తున్నారు. నేను ఫ్లెక్సీ చూస్తున్నాను. ఆయనే బతికి ఉంటే ఆ ఫ్లెక్సీని వెనక్కి పంపేవారు అన్నది నా సమర్థన. చెయ్యి దానంతట అదే జేబు మీదికి వెళ్లింది. నేను గుండె పట్టుకున్నాననుకుని ఎవరో కుర్చీ తెచ్చారు, ఎవరో మంచినీళ్లు తాగించారు, ఆయన కోడలు దుఃఖం ఆపుకుని వచ్చి, ‘మీకు ఆయనంటే ఎంత ప్రాణమో’ అంది. ఆ మాటకు మాత్రం నిజంగానే ఏడ్చాను.

అదే ఋకారం మళ్లీ ఎదురైంది, ఈసారి నా ప్రాణం మీదికే వచ్చింది. పెన్షను తీసుకునేవాడు ఏటా తాను బతికే ఉన్నానని రాసి ఇవ్వాలి కదా. ఏ కార్యాలయమో చెప్పను, అక్కడ ఇచ్చిన కాగితం నెత్తిన ‘జీవన ధృవీకరణ పత్రము’ అని ఉంది. ‘ధ్రువీకరణ’ కదా ఉండాలి. పేరు రాయడానికి ముందే నువ్వు దిద్దేశావు. కౌంటరులోని అమ్మాయి కాగితం వెనక్కి నెట్టింది.

‘ఎర్ర సిరా పడింది మాష్టారూ, కొట్టివేతలున్నాయి. చెల్లదు.’

‘అది కొట్టివేత కాదమ్మా, దిద్దుబాటు.’

‘ఏదైనా చెల్లదండీ. కొత్త ఫారం తెచ్చుకోండి.’

కొత్త ఫారం మీదా అదే తప్పు, నీదీ అదే వేగం. ధ్రువం అంటే కదలనిది అని అర్థం. నేను మాత్రం ఆ కౌంటరు నుంచి ఈ కౌంటరుకు మూడుసార్లు కదిలాను. చివరికి ఎవరో కుర్రవాడు జాలిపడి ఫోనులో నా ముఖం చూపించి పని ముగించాడు. రెప్పలార్పమంది ఫోను, ఆర్పాను, బతికే ఉన్నానని ఒప్పుకుంది. అన్నట్టు, ‘మాష్టారు’లో ‘ష’ కాదు ‘స’ ఉండాలని ఆ అమ్మాయికి చెప్పమని నువ్వు గుచ్చుతూనే ఉన్నావు. కొనప్రాణంతో ఉన్నాను, ఆ రోజుకు వదిలేశాను.

ఇవన్నీ నవ్వుకునే సంగతులే. నవ్వు రాని సంగతి ఒకటుంది.

ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవ సభలో నేనే ప్రధాన వక్తను. గిడుగు వెంకట రామమూర్తి గారు మన శ్రీకాకుళం వైపు మనిషి, పర్లాకిమిడిలో మనలాగే బడిలో పాఠం చెప్పుకున్న మాస్టారు. సవర గిరిజనుల దగ్గర వాళ్ల భాష నేర్చుకుని దానికి నిఘంటువు కట్టారు, జనం నోట ఉన్న తెలుగు పుస్తకంలోకి రావాలని జీవితమంతా పోరాడారు. ఇదంతా గొంతు బొంగురుపోయేలా చెప్పి చప్పట్లు కొట్టించుకునేవాణ్ణి. మర్నాడు ఆగస్టు 30. మొదటి పీరియడు. నువ్వు మూత తీసేవాడివి.

‘నేను చూసిన సముద్రం’ అని వ్యాసం రాయించాను ఒక ఏడాది. మూడో బెంచీలో కూర్చునే జాలరి పిల్లవాడు, ‘మా నాయన తెల్లవారకముందే వేటకు వెళ్తాడు’ అని రాశాడు. నువ్వు ‘వేట’ను అడ్డంగా కొట్టేసి మార్జిన్లో రాశావు: ‘వేట అడవిలో. సముద్రంలో చేపలు పట్టుట.’ అర మార్కు కోత. ఈ తీరం పొడవునా ఏ పేటకు వెళ్లినా చేపలు పట్టడాన్ని వేట అనే అంటారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేపలు గుడ్లు పెట్టే కాలమని, 61 రోజులు మరపడవలను ఒడ్డున కట్టేయించే ప్రభుత్వం కూడా దాన్ని ‘వేట నిషేధం’ అనే అంటుంది. అది తెలియనివాళ్లం ఊళ్లో ఇద్దరమే, నువ్వూ నేనూ.

మొన్న మే నెల సంగతి చెప్పి ముగిస్తాను. వేట లేని రోజులు కనుక పడవలు ఇసుకలో బోర్లా పడి ఉన్నాయి, కొందరు వలలు బాగుచేసుకుంటున్నారు, కొందరు పడవలకు రంగులు వేసుకుంటున్నారు. గోస్తనీ నది సముద్రంలో కలిసే వైపు ఒక రేకు బోర్డు ఉంది. ‘లోతు ఎక్కువ. ఈత కొట్టరాదు’ అని ఎప్పుడో రాశారు. ఉప్పుగాలికి రేకు తుప్పు పట్టి చివరి అక్షరం రాలిపోయింది. మిగిలింది ఇది:

‘లోతు ఎక్కువ. ఈత కొట్టరా’

మోటారు సైకిళ్ల మీద వచ్చిన కుర్రవాళ్లు నలుగురు అది చదివి పడీపడీ నవ్వుతున్నారు. ‘బోర్డే పిలుస్తోందిరా’ అంటూ ఒకడు అప్పటికే చొక్కా విప్పాడు. ‘బాబూ, అక్కడ దు ఉండాలి’ అన్నాను. ‘ఏ దు, తాతగారూ?’ అన్నాడు. నిన్ను తీశాను. 33 ఏళ్లలో నువ్వు దిద్దిన లక్ష తప్పుల్లో మనిషి ప్రాణంతో పని ఉన్నది ఇదొక్కటే. రేకు మీద రాశాను. పడలేదు. విదిలించి మళ్లీ రాశాను. పడలేదు. అరచేతి మీద గీస్తే ఎర్రగా పడింది. రేకు మీద మాత్రం గీత కూడా లేదు. రెండోవాడు కూడా చొక్కా విప్పాడు.

‘కాస్త పక్కకు జరగండి మాష్టారూ’ అన్నారెవరో వెనక నుంచి. చేతిలో కుంచె, ఎర్ర రంగు డబ్బా, మోచేతుల దాకా రంగు. మూడో బెంచీవాడు. జుట్టు నెరుస్తోంది. కుంచె ముంచి, బోర్డు చివర అరచేయంత అక్షరం రాశాడు. రాసి, ఆ కుర్రవాళ్ల వైపు తిరిగి ఒక్క కేక వేశాడు. ఇద్దరూ చొక్కాలు తొడుక్కున్నారు.

బోర్డు చూశాను. ‘ఈత కొట్టరాధు.’ ధకు కింద లావుపాటి వత్తు, దాని కొన నుంచి రంగు కారుతోంది.

‘సరిపోయిందా మాష్టారూ?’ అన్నాడు కుంచె తుడుచుకుంటూ. ‘అప్పట్లో మీరు నా వేట కొట్టేశారు, గుర్తుందా?’

గుర్తు లేదన్నాను. జేబులో నువ్వు చేపలా కొట్టుకుంటున్నావు. పైనుంచి అరచేత్తో అదిమి పట్టుకుని, సరిపోయింది నాయనా అన్నాను.

ఉప్పుగాలికి ముందు రాలేది వత్తేనని అప్పటి నుంచి నీ నమ్మకం. అందుకని రోజూ సాయంత్రం నన్ను అటువైపే నడిపిస్తున్నావు. సమాధుల తోటకు వెళ్లి చాలా రోజులైంది. నిన్న కూడా దగ్గరికి వెళ్లి, కళ్లజోడు తుడుచుకుని, గోటితో గీకి మరీ చూశాను. చెక్కు చెదరలేదు. పడవకు వేసే రంగు మరి.

ఇట్లు,
నువ్వు కాపురముంటున్న జేబు తాలూకు మనిషి