బ్లూబెర్రీ: రంగు చూసి కోయొద్దు, ధర చూసి నాటొద్దు

బ్లూబెర్రీ గుత్తిలో కాయలన్నీ ఒకేసారి పండవు. ముదురు నీలం, ఊదా, ఎరుపు, పచ్చి కాయలు పక్కపక్కనే ఉంటాయి. నీలంగా కనిపించే కాయను తిప్పి తొడిమ మొదట్లో చూడాలి. అక్కడ సన్నటి ఎర్ర వలయం ఉంటే అది ఇంకా పులుపే. పూర్తిగా నీలం తిరిగాక కూడా మూడు నాలుగు రోజులు చెట్టునే ఉంచితే తీపి పడుతుంది. కోశాక తీపి పెరగదు. మామిడిలా కావు వేసి మాగబెట్టే పండు కాదిది.

అందుకే అమెరికాలోని న్యూజెర్సీ దక్షిణాన, హామంటన్ చుట్టుపక్కల తోటల్లో జూన్ మధ్య నుంచి జులై చివరిదాకా ఒకే చెట్టును వారానికోసారి చొప్పున మూడు నాలుగు సార్లు కోస్తారు. నడుముకు బకెట్ కట్టుకుని, గుత్తి కింద అరచెయ్యి పెట్టి, బొటనవేలితో కాయను మెల్లగా దొర్లిస్తారు. పండినది రాలిపడుతుంది, పండనిది పట్టు వదలదు. లాగి తెంపితే తొడిమ దగ్గర తోలు చిరిగి బూజు పడుతుంది. మంచు తడి ఆరకముందు కోసినా అంతే. కాయ మీది తెల్లటి బూడిద లాంటి పొర మందు కాదు, మైనం. అది చెరిగితే నిల్వ తగ్గుతుంది. కోసిన బుట్టలు ఎండలో పెట్టకుండా త్వరగా చల్లగాలి గదికి చేర్చి సున్నా డిగ్రీల దగ్గరికి దించాలి. చెట్టును కుదిపి కాయలు రాల్చే యంత్రాలున్నా, దెబ్బ తగిలిన పండు త్వరగా మెత్తబడుతుంది. డబ్బాల్లో తాజాగా అమ్మే పండుకు చేతి కోతే మేలు, ఖర్చు ఎక్కువయ్యేదీ అక్కడే.

ఈ పంట అక్కడే ఎందుకు కుదిరిందన్నది అసలు ప్రశ్న. ఆ పైన్ అడవుల ఇసుక నేల బాగా ఆమ్లం. మామూలు పంటలకు పనికిరాదు. వైట్స్‌బాగ్‌లో క్రాన్‌బెర్రీ తోటల యజమాని కూతురు ఎలిజబెత్ వైట్, వృక్ష శాస్త్రవేత్త ఫ్రెడరిక్ కోవిల్ 1911లో కలిసి పని మొదలుపెట్టారు. అడవిలో తిరిగే స్థానికులకు కాయ సైజు చూసే కొలత పలకలిచ్చి, పెద్ద కాయలు కాసే పొదలు చూపిస్తే డబ్బిచ్చారు. 1916లో తొలి పంట అమ్మారు. గమనించాల్సిందేమిటంటే, వాళ్లు నేలకు తగ్గ పొదను వెతికారు గానీ పొద కోసం నేలను మార్చలేదు.

మన దగ్గర ఇప్పుడు జరుగుతున్నది తలకిందులు. పండు ధర చూసి మొక్కలు కొంటున్నారు. బ్లూబెర్రీకి నేల ఉదజని సూచిక (pH) 4.5 నుంచి 5.2 మధ్య ఉండాలి. వేర్లు సన్నటి పీచులా పైపైనే, అడుగు లోతులోపే ఉంటాయి. వాటికి నూగు వేర్లు ఉండవు. మన నల్లరేగడిలో సూచిక తరచూ 8 చుట్టూ ఉంటుంది, పైగా సున్నపు గుళికలు. అక్కడ గంధకం ఎంత వేసినా సున్నమే మింగేస్తుంది. ఇనుము అందక లేత ఆకు పసుపు రంగుకు తిరిగి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) పిచికారీ చేస్తే కొన్నాళ్లు కళ వస్తుంది, జబ్బు మాత్రం వేరు దగ్గరే ఉంటుంది. నత్రజనికి అమ్మోనియం సల్ఫేట్ సరైనది. కాల్షియం నైట్రేట్, మ్యూరేట్ ఆఫ్ పొటాష్, పచ్చి కోళ్ల ఎరువు దగ్గరికి రానివ్వకూడదు.

కుండీల్లో, ఉప్పు కడిగిన కొబ్బరి పొట్టులో పెంచడం ఒక దారి. ఎడారి తీరంలో డ్రిప్పు కింద, చలి అంతగా అడగని బిలాక్సీ లాంటి రకాలతో పెరూ ప్రపంచంలో అగ్ర ఎగుమతిదారు అయింది. అయితే పక్కనే చల్లటి సముద్ర ప్రవాహం ఉన్న ఆ తీరానికి మన మే నెల ఎండలు తెలియవు. ఈ తేడాను మొక్కలమ్మేవాళ్లు చెప్పరు. హామంటన్‌లో పండే డ్యూక్, బ్లూక్రాప్ రకాలకైతే 7 డిగ్రీల లోపు చలి ఎనిమిది వందల గంటలకు పైగా కావాలి. అవి మైదానంలో ఆకులేస్తాయి తప్ప సరిగా పూతకు రావు.

కుండీ మార్గంలోనూ దెబ్బతీసేది నీరే. బోరు నీళ్లలోని బైకార్బొనేట్లు (ఆమ్లాన్ని విరిచే లవణాలు) రోజూ కొంచెం కొంచెంగా పొట్టు సూచికను పైకి నెడతాయి. మొదట్లో ఆకుపచ్చగా ఉన్న తోట తర్వాత పసుపు రంగుకు తిరగడానికి చాలాసార్లు కారణమిదే. మొక్కలకు అడ్వాన్సు ఇచ్చేముందే లీటరు బోరు నీళ్లు పరీక్షకు పంపి, ట్యాంకుకు ఎంత ఆమ్లం కలపాలో, ఏడాదికి ఎంతవుతుందో లెక్క వేయించుకోవాలి. మొదటి రెండేళ్లు పూత గిల్లేయాలి కాబట్టి ఆ ఖర్చు రాబడి లేకుండానే పెట్టాల్సి ఉంటుంది.