తన విమానం తనకే కౌలు

ఏటా జనవరిలో మా ఆఫీసు నుంచి మెయిల్ వస్తుంది, పన్ను మినహాయింపు కోసం ఇంటి అద్దె రసీదులు పంపమని. ఇల్లు నాన్నది, ఉంటున్నది నేను. పాత పన్ను విధానాన్ని ఇంకా పట్టుకుని వేలాడుతున్న నాబోటివాళ్లందరిలాగే నేనూ పన్నెండు రసీదులు రాసి, ఒక్కోదాని మీద రెవెన్యూ స్టాంపు అంటించి నాన్న ముందు పెడతాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని, స్టాంపు మీదుగా సంతకం సాగదీస్తూ ఏటా ఒకటే మాట అంటారు.

"అద్దె ఎక్కడిదిరా?"

"ప్రతి నెలా మీ ఖాతాలో వేస్తున్నాను కదా నాన్నా!"

"వేస్తున్నావు. పదో తారీఖుకల్లా కరెంటు బిల్లనీ, పాలవాడనీ మీ ఆవిడ నా దగ్గర పట్టుకుపోతోంది."

ఇన్నాళ్లూ ఈ మాటకు కాస్త సిగ్గుగా ఉండేది. ఇక సిగ్గుపడను. దేశంలోకెల్లా పెద్ద విమానయాన సంస్థ కూడా ఇదే పద్ధతి పాటిస్తోందని తెలిశాక నా వెన్నెముక నిటారుగా నిలబడింది.

సంగతేమిటంటే, ఇండిగో 2023లో గుజరాత్‌లోని గిఫ్ట్ సిటీ అనే ఆర్థిక కేంద్రంలో ఇంటర్‌గ్లోబ్ ఏవియేషన్ ఫైనాన్షియల్ సర్వీసెస్ అని ఒక పిల్ల కంపెనీ పెట్టింది. ఆ పిల్ల విమానాలు సంపాదించి తల్లికి అద్దెకిస్తుంది. అద్దె కట్టేది తల్లి, పుచ్చుకునేది పిల్ల. పిల్లకు పెట్టుబడి కావాలంటే ఇచ్చేది మళ్లీ తల్లే. 2025 నవంబర్‌లో అలా 82 కోట్ల డాలర్ల దాకా ఇవ్వాలని తల్లి నిర్ణయించింది. ఎయిర్ ఇండియాకూ అక్కడే ఏఐ ఫ్లీట్ సర్వీసెస్ అనే ఇలాంటి పిల్లే ఉంది. 2023 చివర్లో ఢిల్లీలో దిగిన మొదటి ఎయిర్‌బస్ ఏ350 దాని చేతుల మీదుగా వచ్చిందే. మా ఇంట్లో రెవెన్యూ స్టాంపు, వాళ్లింట్లో బోర్డు తీర్మానం. మిగతాదంతా సేమ్ టు సేమ్.

మనం ఎక్కే విమానం మనవాళ్లది కాదన్న సంగతి చాలామందికి తెలియదు. మన దేశంలో తిరిగే విమానాల్లో నూటికి ఎనభై దాకా అద్దెవే. నమ్మకపోతే ఈసారి శంషాబాద్‌లో ఎక్కేటప్పుడు, ఎయిర్ హోస్టెస్ నమస్కారానికి బదులిచ్చాక, ఒక్క క్షణం తలుపు పక్కన చూడండి. చాలా విమానాల్లో అక్కడో, కాక్‌పిట్‌లోనో అరచేయంత లోహపు పలక ఉంటుంది. ఈ విమానం ఫలానా వారి సొత్తు అని సన్నటి అక్షరాలు. మన పెళ్లిళ్లలో స్టీలు బిందె మీద ఇచ్చినవాళ్ల పేరు చెక్కించినట్టే. బిందె ఎవరింట్లో ఉన్నా పేరు మేనమామదే కదా! నేను మొన్న ఆ పలక చదువుతూ నిలబడితే వెనకాయన ట్రాలీ బ్యాగుతో నా మడమ మీద గుద్దాడు. పలక మీద ఊరి పేరు డబ్లిన్.

అవును, ఐర్లాండ్. ప్రపంచంలో అద్దె విమానాల రాజధాని అది. 1975లో టోనీ ర్యాన్ అనే ఆయన గిన్నిస్ పీట్ ఏవియేషన్ అనే కంపెనీ మొదలుపెట్టాడు. అందులో పెద్ద వాటాదారుల్లో ఒకటి ఎయిర్ లింగస్, అంటే ఆ దేశపు విమానయాన సంస్థే. కాబట్టి విమాన సంస్థే అద్దె దుకాణం తెరవడం కొత్త వింతేమీ కాదు, ఆ వ్యాపారం మూలవిరాట్టులోనే ఉంది.

ఇండిగో పైకొచ్చిన తీరు ఇంకా ముచ్చటైనది. 2005లోనే వంద విమానాలకు ఆర్డరిచ్చింది. అప్పటికి దానికి ఒక్క విమానం లేదు. గుత్తగా కొంటే ధర తగ్గుతుంది. విమానం చేతికొచ్చిన రోజే దాన్ని అద్దె కంపెనీకి అమ్మేసి, అదే విమానాన్ని అద్దెకు తీసుకుని నడుపుతుంది. మా ఊళ్లో ఎవరైనా చేను అమ్మేసి అదే చేనును కౌలుకు తీసుకుంటే, పాపం చితికిపోయాడని రచ్చబండ మీద జాలిపడతారు. విమానంతో అదే పని చేస్తే మేనేజ్‌మెంట్ కాలేజీల్లో పాఠం చెబుతారు.

కౌలు అన్నాను కదా, ఈ వ్యాపారం పరిభాషంతా మనదే. విమానం ఒక్కటే ఇచ్చి, పైలట్లనూ రిపేర్లనూ నువ్వే చూసుకోమంటే డ్రై లీజు. మెట్ట కౌలన్నమాట. పైలట్లు, సిబ్బంది, ఇన్సూరెన్సుతో సహా ఇస్తే వెట్ లీజు, మాగాణి. పైలట్లు వాళ్లవాళ్లు, లోపల నీళ్ల సీసాలిచ్చేవాళ్లు మనవాళ్లయితే డ్యాంప్ లీజు. దీనికి మా తాత ఏ పేరు పెట్టేవారో గానీ నేను చెమ్మ కౌలంటాను. ఇక ఇంజిన్ పాడై విమానం షెడ్డులో పడి ఉన్నా, కరోనా వచ్చి ఆకాశానికే తాళం పడినా నెల తిరిగేసరికి అద్దె కట్టాల్సిందే. పంట మునిగినా మక్తా మక్తాయే అన్న మాటను లండన్ లాయర్లు యాభై పేజీల్లో రాస్తారు.

అద్దె డాలర్లలో, టికెట్ రూపాయల్లో. రూపాయి తుమ్మితే ఇండిగో లెక్కల్లో జలుబు. అందుకే గిఫ్ట్ సిటీ. సబర్మతి ఒడ్డున, గాంధీనగర్ పక్కన ఉన్నా విదేశీ మారక చట్టం దృష్టిలో అక్కడి ఆర్థిక కంపెనీలు పరాయి దేశంలో ఉన్నట్టే. లెక్కలు డాలర్లలో రాసుకోవచ్చు. పన్ను సెలవు ఏళ్ల తరబడి. మద్యం లేని గుజరాత్‌లో 2023 డిసెంబర్ నుంచి ఆ ఒక్కచోట మందుకు కూడా సడలింపు. పాస్‌పోర్టు లేకుండా ఆటోలో వెళ్లగలిగిన విదేశం ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందేమో, నాకు తోచడం లేదు.

విమాన యజమానుల కష్టాలు చూస్తూ మాత్రం మన ప్రభుత్వం ఊరుకోలేకపోయింది. 2023 మే నెలలో గో ఫస్ట్ అనే మన విమాన సంస్థ దివాలా దరఖాస్తు పెట్టుకుంటే యాభైకి పైగా విమానాలు నేల మీదే ఇరుక్కుపోయాయి. సొంతదారులు దాదాపు ఏడాది కోర్టుల చుట్టూ తిరిగారు. 2024 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ఆ 54 విమానాల రిజిస్ట్రేషన్ రద్దు చేయమన్నాక గానీ దారి దొరకలేదు. 2025 ఏప్రిల్‌లో మన శ్రీకాకుళం ఎంపీ, కేంద్ర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు పార్లమెంటులో చట్టం చేయించారు. ఇక అద్దెదారు దివాలా తీసినా యజమాని రెండు నెలలకు మించి ఎదురుచూడక్కర్లేదు. అదే శ్రీకాకుళంలో కౌలు రైతుకు గుర్తింపు కార్డు రావాలంటే 2019 చట్టం ప్రకారం భూమి యజమాని సంతకం కావాలి. కార్డు గడువు పదకొండు నెలలు. కౌలు రైతులు తొందరపడి బోయింగ్ కాకుండా భూమిని ఎంచుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

ఇక్కడే నాకొక ధర్మసందేహం. యజమానీ తానే, అద్దెదారూ తానే అయినప్పుడు అద్దె ఎగ్గొడితే విమానం ఎవరు జప్తు చేయాలి? నార్వే విమాన సంస్థ నార్వేజియన్ వాళ్లకు ఇది అనుభవమే. అవసరానికి మించి విమానాలు కొని, డబ్లిన్‌లో ఆర్కిటిక్ ఏవియేషన్ అసెట్స్ అనే సొంత అద్దె కంపెనీలో పెట్టారు. 2020 నవంబర్‌లో తల్లీ పిల్లా చేతులు పట్టుకుని ఐర్లాండ్ కోర్టు మెట్లెక్కాయి, అప్పులవాళ్ల నుంచి కాపాడమని. మలేసియా విమాన సంస్థ ఎయిర్ ఏషియా ఇంకా లౌక్యం చూపింది. సొంత అద్దె కంపెనీని 2018లో వంద కోట్ల డాలర్లకు పైగా అమ్మేసి, ఆ తర్వాత వాటాదారులకు ప్రత్యేక డివిడెండు పంచింది. 2020లో విమానాలు నేల మీదికి దిగినప్పుడు వాటికి అద్దె పరాయివాళ్లకు కట్టాల్సి వచ్చింది.

ఇవన్నీ నాన్నకు వివరంగా చెప్పాను, మన రసీదుల వ్యవహారం అంతర్జాతీయ ప్రమాణాలతో ఉందని ధైర్యపడతారని. ఆయన శ్రద్ధగా విన్నారు. అద్దె విమానం తిరిగి అప్పగించేటప్పుడు ఎలా ఇవ్వాలని అడిగారు. ప్రతి పార్టుకూ పుట్టినప్పటి నుంచీ కాగితాలుండాలి, అరిగినదానికి డబ్బు కట్టాలి, సీట్ల మీద మరక కూడా లెక్కే అన్నాను. ముందుగా డిపాజిట్ కూడా తీసుకుంటారని నోరు జారాను.

మర్నాడు పొద్దున్నే చేతికో కాగితం ఇచ్చారు. హాల్లో మనవడు స్కెచ్ పెన్నుతో గీసిన ఏనుగు, బాత్రూమ్‌లో పగిలిన టైలు, మా పెళ్లైన కొత్తలో నేను కొట్టిన మేకు బెజ్జం. అన్నిటికీ ఎదురుగా అంకెలు. అడుగున, మూడు నెలల అడ్వాన్స్, ఈసారి డాలర్లలో.